ముత్యమ్మ ముట్టని రొట్టె

దసరా ఒక్క రోజు పండుగే. కిష్టారెడ్డిపేటలో దశరథ్ ఇంట్లో మాత్రం పండుగ తిండి పదిహేను రోజులు నడిచింది.

బతుకమ్మ మొదలైన నాటి నుంచీ ప్రేమలత పొయ్యి దగ్గరే ఉంది. నువ్వుల సత్తు, పల్లి సత్తు, మలీద ముద్దలు, వాటి వెనకే డబ్బాల నిండా తీపి గరిజెలు, మురుకులు. దసరా నాడు నాలుగిళ్ల వాళ్లు కలిసి యాటను కోసి పంచుకున్నారు. ఆడబిడ్డ సృజన పిల్లలతో వచ్చి వారం ఉండి వెళ్లింది. అందరికీ వడ్డించి, అందరూ లేచాక, ప్రేమలత గిన్నెల ముందు ఒక్కతే కూర్చునేది. బగారన్నం అడుగున మిగిలింది, కూరలో నూనె తేలిన పులుసు, పిల్లలు సగం కొరికి వదిలేసిన గరిజెలు. పారేయడానికి చేయి రాదు. తన చేత్తో చేసినవే కదా అని తినేది. ఆకలై తిన్నది తక్కువ, మిగిలిందని తిన్నది ఎక్కువ.

ఆమెకు నలభై నాలుగేళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ మీద పని. భర్త దశరథ్ వేరే కంపెనీకి షిఫ్టు బస్సు నడుపుతాడు. అత్త ముత్యమ్మకు డెబ్బై దాటాయి; ఇప్పటికీ కర్ర పట్టదు, గొంతెత్తితే వాడ చివరి దాకా వినిపిస్తుంది. ప్రేమలతకున్న ఒక్క కూతురికి నిరుడే పెళ్లి చేసి హత్నూర పంపారు.

పండుగ సెలవులయ్యాక ఫ్యాక్టరీలో హెల్త్ క్యాంపు పెట్టారు. క్యాంటీన్‌లో బల్ల వేసి, వేలు గుచ్చి, మిషన్‌లో వచ్చిన అంకెను పైకి చదువుతున్నారు. ప్రేమలత వంతు వచ్చింది. చదివే అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "మూడు వందల ఇరవై" అంది.

లైనులో వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ నర్సింహ నవ్వాడు. "గందుకేనా, రోజూ రెండు డబ్బాలు తక్కువొస్తున్నయి? లెక్క ఇయ్యాల దొరికింది."

వరుసలో ఉన్న ఆడవాళ్లు కొందరు నవ్వారు. బీహార్ కుర్రాళ్లకు మాట అర్థం కాకపోయినా అందరూ నవ్వుతున్నారని వాళ్లూ నవ్వారు. ఎనిమిదేళ్లలో ప్రేమలత లైను మీద ఒక్క బిస్కెట్ ముక్క నోట్లో వేసుకున్నది లేదు. ఆ మాట అనబోయింది. అంతలోనే తరువాతి పేరు పిలిచారు. క్యాంపు డాక్టర్ గోలీల చీటీ చేతిలో పెట్టి, వేళకు తిని వేసుకోమన్నాడు. "వేళకు తిని" అన్న మాట ఆమె చెవికెక్కలేదు. నర్సింహ నవ్వే ఇంకా చెవుల్లో ఉంది.

ఇంటికొచ్చి చెబితే దశరథ్ టీవీ మీద నుంచి కళ్లు తీయలేదు. "తిన్నప్పుడు సోయి లేదా? ముందల పెట్టుకుని గిన్నెలకు గిన్నెలు ఊడ్చినవ్. నేను చూడలేదనుకున్నవా?"

"మిగిలింది తిన్న. మీరు తిని లేశినంక."

"ఎవరు తినమన్నరు? కుక్కకెయ్యరాదూ?"

ముత్యమ్మ గడపలో కూర్చుని తమలపాకు నములుతోంది. "షుగరు లేనిదెవలకే ఈ వాడల? నువ్వొక్కదానివే రోగం మోస్తున్నట్టు మొకం పెట్టకు" అంది.

ఆ పూట నుంచి ప్రేమలత అన్నం మానేసింది. ఆమెకు కోపం ఎవరి మీదో ఆమెకే తెలియదు. తన ఒంటి మీదే తీర్చుకుంది. పొద్దున నిమ్మకాయ నీళ్లు, మధ్యాహ్నం రెండు కీరదోసకాయ ముక్కలు, రాత్రి ఏమీ లేదు. గోలీలు మాత్రం చీటీలో రాసినట్టే వేసుకుంది. వారంలో అంకె దిగిపోవాలి, నర్సింహ ముందు మళ్లీ వేలు గుచ్చించుకోవాలి. అదొక్కటే పట్టుదల.

మూడో రోజు పదకొండు గంటలకు లైను మీద చేతులు వణికాయి. రవిక చెమటకు తడిసి వీపుకు అతుక్కుంది. ముందున్న ప్యాకెట్లు రెండేసిగా కనిపించాయి. పక్కనున్న ఆమె "అక్కా" అని పిలిచేలోపే ప్రేమలత బెల్టు పక్కన కూలిపోయింది. నుదురు ఇనుప అంచుకు తగిలి చీరుకుపోయింది.

ఫస్ట్ ఎయిడ్ గదిలో వేలు గుచ్చి చూసి, చక్కెర నీళ్లు తాగించాక తెలివి వచ్చింది. నర్సింహ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి నవ్వడం లేదు. "నీకేమన్న అయితే జవాబు చెప్పాల్సింది నేను. ఫిట్‌గ ఉన్నవని డాక్టర్ కాయితం తెచ్చినాకనే గేటు లోపలికి రా" అన్నాడు.

దశరథ్ గేటు దగ్గరికి బండి తెచ్చాడు. నుదుటి మీద కట్టు చూసి, "మంచిగున్నది. నాకు సగం దినం జీతం పాయె" అన్నాడు.

మర్నాడు సర్కారు దవాఖానలో సిస్టర్ అరుణాదేవి ఆమె చెప్పిందంతా విన్నది. విన్నాక పెన్ను బల్ల మీద పడేసింది.

"షుగర్ దించే గోలీ వేసుకుని అన్నం బందు పెడితివా? నిన్న నీ షుగర్ యాభై రెండుకు పడ్డది. తెలివి రాకపోతే ఏం చేస్తుంటివి?"

"జల్దీ తగ్గాలని సిస్టరమ్మా."

"పదిహేను రోజులు కుక్కిన తిండిని మూడు రోజులల్ల పీకేస్తవా? ఒళ్లు నీకు పగోడా?" గోడ పక్క బెంచీ మీది రోగులంతా వినేలా అరిచింది. "చూడు. ఈ వారం ఒక్కటే మార్పు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, ఆకుకూర. తక్కింది మామూలుగ తిను. మూడు పూటలు తినకపోతే నా దగ్గరికి రాకు. డాక్టర్ గోలీ మారుస్తడు. వచ్చే వారం ఇంకోటి చెప్త. అన్నీ ఒక్కసారి చేస్త అని రాకు. నీలాంటోళ్లు నెల తిరగకముందే మళ్ల గరిజెల డబ్బా మూత తీస్తరు."

తిట్టు తిట్టులాగే ఉంది. కానీ తిను అని చెప్పిన మనిషి ఈ నాలుగైదు రోజుల్లో ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం ప్రేమలత కిలో జొన్నపిండి తెచ్చింది. అత్తకూ భర్తకూ అన్నం, పప్పు వండి పక్కన పెట్టి, తనకు రొట్టె కోసం పెనం ఎక్కించింది. పుట్టింట్లో అమ్మ చేస్తుంటే చూడటమే తప్ప తాను ఎన్నడూ చేయలేదు. పిండి చేతికి అంటుకుంది. తట్టబోతే అంచులు చీలాయి. పెనం మీద వేయబోతే నాలుగు ముక్కలైంది. ఆ ముక్కలనే కాల్చుకుని, తోటకూర వేసుకుని పళ్లెం ముందు కూర్చుంది.

ముత్యమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పళ్లెంలోకి చూసింది. ఆమె ముఖం నల్లబడింది.

"ఏందది?"

"జొన్నరొట్టె అత్తా. సిస్టరమ్మ తినుమన్నది."

"నా కొడుకు సన్నబియ్యం తెస్తుండు. నా ఇంట్ల జొన్నరొట్టె కాలుస్తవా? వాడకట్టు సూస్తే ఏమనుకుంటది? దశరథ్ ఇంట్ల తిననీకి బువ్వ లేదనుకోదా?"

"నాకొక్కదానికే. మీకు అన్నం వండిన."

"వేరు పొయ్యి పెడుతున్నవన్నట్టు."

"పొయ్యి ఒకటే ఉన్నది గదా."

"నాకు సెప్పకు!" ముత్యమ్మ వంగి పళ్లెంలోని ముక్కలు రెండు చేతులా తీసుకుంది. వాకిట్లోకి పోయి వీధిలోకి విసిరింది. ఎక్కడి నుంచో రెండు కుక్కలు వచ్చి వాటి కోసం కొట్లాడాయి.

ప్రేమలత లేచి మళ్లీ పిండి తీసింది. ఈసారి మూడు ముక్కలైంది. పళ్లెం గోడ వైపు తిప్పుకుని, వీపు చూపించి తింది.

అట్లా నాలుగు రోజులు గడిచాయి. ముత్యమ్మ రెండుసార్లు రొట్టె పారేసింది. రెండుసార్లూ ప్రేమలత మళ్లీ చేసుకుంది. పగలంతా ముత్యమ్మ నల్లా దగ్గర నిలబడి వచ్చిన వాళ్లందరికీ చెప్పేది: "నేను ముట్టింది కోడలు తింటలేదు. నేనేదో ఇసం కలుపుతున్నట్టు. దాని తిండి దానిది, మా తిండి మాది." ఎదురింటి రాజవ్వ నీళ్ల బిందె దించి, "ఏందే ప్రేమా, వేరు పడుతున్నరా?" అని నవ్వుతూ అడిగింది. ప్రేమలత బిందె ఎత్తుకుని వచ్చేసింది.

దశరథ్ పద్ధతి వేరు. అతను అరవడు. రాత్రి భోజనానికి కూర్చుని గరిజెల డబ్బా ముందు పెట్టుకుంటాడు. ఒక్కొక్కటే తీసి చప్పుడయ్యేలా కొరుకుతూ ఆమె వైపు చూస్తాడు. ఆ చూపులో ప్రేమ లేదు, ఎగతాళి కూడా సగమే. ఇంట్లో ఒక మనిషి తనను అడగకుండా ఏదో నిర్ణయించుకుందన్న ఉక్రోషం అది.

"నీకు గూడ చెక్ చేయించుకోమన్నది సిస్టరమ్మ" అంది ప్రేమలత ఒకసారి.

"నీ రోగం నాకు అంటగట్టకు" అన్నాడు.

ఐదో రోజు సాయంత్రం మూడో రొట్టె వీధిలో పడింది. ఆ రోజు ప్రేమలత లేవలేదు. పిండి చేతులతో అలాగే కూర్చుంది.

"అత్తా, నువ్వు పారేస్తనే ఉండు. నేను చేస్తనే ఉంట. పిండి అయిపోతే ఇంకో కిలో తెస్త. నేను సచ్చినంక మీరిద్దరు సన్నబియ్యం వండుకుని తినుండ్రి. నాకు పిండం గూడ సన్నబియ్యంతోనే పెట్టుండ్రి."

ముత్యమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకుంది ప్రేమలత. ఆమె తిట్టలేదు. గొంతు మాత్రం తిట్టినట్టే ఉంది.

"దశరథ్ కన్నా ముందల నాకొక కొడుకున్నడు. నీకు ఎరుకనా?"

ప్రేమలత తల ఎత్తింది. ఈ ఇంటికొచ్చి ఇరవై నాలుగేళ్లు. ఆ మాట ఎవరి నోటా వినలేదు.

"మూడేండ్లోడు. అప్పుడు మేం పటేలు దగ్గర జీతమున్నం. రోజుకు కొలిచిచ్చేది జొన్నలే. గట్క కాసుకునుడు, తాగుడు. పొద్దుగాల గట్క, పొద్దుమీకి గట్క. తెల్లబువ్వ అంటే పండుగకే. అది గూడ పిడికెడు. పోరనికి జెరమొచ్చింది. అమ్మా బువ్వ, తెల్లబువ్వ అన్నడు. పటేలింటికి పోయిన. పిడికెడు బియ్యం పెట్టుండ్రి, పోరడు అడుగుతుండన్న. కోతలు ముగియనియ్యి, అప్పుడు రా అన్నరు. ఉత్త సేతులతోని వచ్చిన. గట్క పెడితే మొకం తిప్పుకున్నడు. తెల్లారేసరికి పోయిండు."

బయట కుక్కలు ఇంకా గుర్రుమంటున్నాయి.

"ఆ నాటి సంది నేను జొన్న ముట్టలే. నా ఇంట్లకు రానియ్యలే. గీ పొయ్యి మీద బువ్వ తప్ప ఇంకోటి ఉడకొద్దనుకున్న. నువ్వొచ్చి నా ముందల కూసోని అది తింటవా? నా కండ్ల ముందల?"

ప్రేమలతకు అయ్యో అనాలనిపించింది కానీ ఆ ముఖం చూస్తే అయ్యో అంటే చెంప పగలగొట్టేలా ఉంది. ఇన్నేళ్లూ చెప్పని మాటను ఈ ముసలమ్మ తన మీద రాయిలా విసిరింది. ఓదార్పు కోసం చెప్పలేదు, ఓడించడానికి చెప్పింది.

ప్రేమలత పిండి చేతులు తుడుచుకుని అంది: "నీ కండ్ల ముందల తినను. నువ్వు తిని పండుకున్నంక తింట. కానీ మానను అత్తా. మానితే నేను పోత."

ముత్యమ్మ వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి రొట్టె వీధిలో పడలేదు. అంతకన్నా ఏమీ మారలేదు.

రెండో వారం సిస్టర్ అరుణాదేవి మిషన్ చూసి, "రెండు వందల నలభై. దిగుతున్నది. సంబురపడకు" అంది. మధ్యాహ్నం అన్నం సగం చేసి, ఆ సగం చోటులో కూర పెట్టుకోమంది. పొద్దునపూట అరగంట నడవమంది. "ఉరుకకు. ఉరికితే మళ్ల పడ్తవ్. మామూలుగ నడు."

వాడలో నడిస్తే రాజవ్వ లాంటి వాళ్ల ప్రశ్నలు. అందుకని ఊరి చివర కొత్తగా వేసిన లేఅవుట్ వైపు వెళ్లింది. నల్లటి తారు రోడ్లు, రెండు వైపులా హద్దురాళ్లు, ఇంకా మొలవని ఇళ్లు. రెండో మలుపు దగ్గర వాచ్‌మన్ ఈల వేసి అడ్డం వచ్చాడు.

"ఏ ప్లాట్?"

"ప్లాట్ లేదు. నడుస్తున్న."

"ప్లాట్ ఓనర్స్ కోసమే ఈ రోడ్డు. బయట నడువు. సాబ్ చూస్తే నా నౌకరీ పోతది."

"ఇది పటేలోళ్ల చెలుక. మా అత్త ఈడ జొన్న కోసింది" అంది ప్రేమలత. అలా అంటానని ఆమె అనుకోలేదు. మాట బయటికి వచ్చాకే దాని అర్థం తనకు తాకింది. ఈ తారు కిందే ఆ జొన్నచేను. కోతలు ముగిశాక రమ్మన్నది ఈ చేని కోతలే.

వాచ్‌మన్‌కు అదంతా ఏం తెలుసు. "కోసిందో లేదో నాకెందుకు, చలో" అని కర్రతో గేటు చూపించాడు. ప్రేమలత బయటికి వచ్చి గోడ వెంట మట్టిబాట మీద నడిచింది. మర్నాడూ అక్కడే నడిచింది. లోపల నుంచి వాచ్‌మన్, బయట నుంచి ఆమె, రోజూ ఒకరినొకరు ముఖం మాడ్చుకుని చూసుకునేవాళ్లు.

దీపావళి వచ్చింది. సృజన భర్తతో, పిల్లలతో దిగింది. వస్తూ రెండు కిలోల లడ్డూల డబ్బా తెచ్చింది. ప్రేమలత అందరికీ వండింది. పూరీలు, కోడికూర, సేమ్యా పాయసం. ఎప్పటిలాగే వడ్డించింది. ఈసారి వడ్డించే ముందే తన పళ్లెంలో రెండు పూరీలు, కూర, పెరుగు తీసి పక్కన పెట్టుకుంది. పండుగ నాడు తినొద్దని సిస్టర్ అనలేదు. కొంచెం తిను, మిగిలింది ఊడ్వకు అంది.

అందరూ హాల్లో కూర్చున్నారు. దశరథ్ మధ్యాహ్నమే రెండు పెగ్గులు వేసుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సృజన లడ్డూల డబ్బా తిప్పుతూ వదిన దగ్గర ఆగింది.

"ఒక్కటి తీస్కో వదినె. నా చేతులతోని చేసిన."

"వద్దు సృజనా. తియ్యగున్నదని తెలుసు. వద్దు."

"గంత కష్టపడి చేస్తే వద్దంటవా?" సృజన మూతి ముడిచింది. "మా అమ్మ ఫోన్ల చెప్పింది తియ్యి. నీ తిండి నీదే, మా తిండి నీకు ఎక్కదని."

దశరథ్ లేచాడు. డబ్బాలోంచి లడ్డూ తీసుకుని ప్రేమలత ముందు నిలబడ్డాడు. "తిను. పండుగ నాడు ఇంటోళ్ల పరువు తీస్తవా? నోరు తెరువు."

"వద్దయ్యా."

"తెరువంటున్న గదా."

అతను ఎడమ చేత్తో ఆమె దవడ పట్టి, కుడి చేత్తో లడ్డూను నోట్లో కుక్కాడు. పెదవి పళ్లకు తగిలి చిట్లింది. పిల్లలు ముందు నవ్వి, వెంటనే ఆపేశారు. ప్రేమలత అతని చేయి విదిలించుకుని లడ్డూను నేల మీద ఉమ్మేసింది. పసుపుపచ్చని పొడిలో రక్తం చారిక కనిపించింది.

దశరథ్ చేయి ఎత్తాడు.

"ఇడువురా!"

ముత్యమ్మ గొంతు. మూలన మంచం మీద కూర్చున్నామె ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కొడుకు మణికట్టు పట్టుకుంది.

"నడుమ నువ్వు రాకు అమ్మా. పదిహేను రోజుల సంది నువ్వే తిడుతున్నవ్."

"తిట్టిన. ఇంకా తిడ్త. అది నాకూ దానికీ. వద్దన్న నోట్ల కుక్కనీకి నువ్వెవనివిరా?" ఆమె పట్టు వదలలేదు. "మీ అన్న మొకం తిప్పుకుంటే నేను గిట్లనే కుక్కిన. దవడ పట్టి, గట్క, నోట్ల. తింటే బతుకుతడనుకున్న. గొంతుల అడ్డం పడి ఎక్కిళ్లు పెట్టిండు. నా సేతులు ఇట్లనే ఉండె. ఇట్లనే. ఇడువు."

దశరథ్‌కు తనకొక అన్న ఉండేవాడన్న సంగతే అప్పటి దాకా తెలియదు. సృజనకూ తెలియదు. అతని చేయి మెల్లగా కిందికి దిగింది. ముత్యమ్మ అతన్ని వదిలి, ఎవరి వైపూ చూడకుండా పోయి మంచం మీద గోడకు తిరిగి పడుకుంది.

ప్రేమలత నేల తుడిచింది. పెదవి కడుక్కుని, తాను పక్కన పెట్టుకున్న రెండు పూరీలూ తింది. మొత్తం తింది. తినకుండా లేస్తే మళ్లీ పడిపోతానని ఆమెకు తెలుసు. సాయంత్రం సృజన పిల్లల్ని లేవదీసుకుని దీపాలు పెట్టకముందే వెళ్లిపోయింది. వెళ్తూ వదినతో మాట్లాడలేదు. దశరథ్ బస్సు డ్యూటీ అని బయటికి పోయాడు. ఆ రోజు అతనికి డ్యూటీ లేదు.

మర్నాడు సాయంత్రం ప్రేమలత పెనం ఎక్కించి పిండి కలుపుతుంటే గుమ్మంలో నీడ పడింది. ముత్యమ్మ లోపలికి రాలేదు. బయట నుంచే చూస్తూ నిలబడింది.

"గట్లనే సంపుతున్నవా పదిహేను రోజుల సంది?"

ప్రేమలత పిండిలో ఇంకొన్ని నీళ్లు పోసింది.

"సన్నీళ్లతోని ఎవలు కలుపుతరే జొన్నపిండి? నీళ్లు మసలనియ్యి. మసిలిన నీళ్లు పొయ్యి, కట్టెతోని కలుపు, సల్లారినంక సేత్తోని. నీ తల్లి నీకేం నేర్పింది?"

ప్రేమలత కలిపింది పక్కన పెట్టి నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

"అరసెయ్యి అడుగుతోని తొయ్యి. ఏళ్లతోని కాదు. ఇంకా. ఇంకా తొయ్యి, నీ సేతులు ఇరిగిపోవు. పొడిపిండి సల్లు. ఇగ తట్టు, తిప్పుకుంట తట్టు."

రొట్టె మొదటిసారి గుండ్రంగా నిలిచింది. పెనం మీద వేస్తే చీలలేదు. తడి చేత్తో పైన నీళ్లు రాసి తిప్పింది. పొంగింది.

ప్రేమలత రొట్టెను పళ్లెంలో వేసి, సగం తుంచి గుమ్మం వైపు చాచింది. "కొంచెం తిను అత్తా. మంచిగొచ్చింది."

ముత్యమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ముఖంలో మళ్లీ ఆ పాత నలుపు. "నీకు సిగ్గున్నదా? అది నా ముందల పెడ్తవా? సేసుడు సెప్పిన, తింటనన్ననా?" అని, "పిండి పాడు సేస్తున్నవని సెప్పిన. గంతే" అంటూ వెళ్లిపోయింది.

ఆ రాత్రి కూడా ఆమె పడుకున్నాకే ప్రేమలత తింది.

మూడో వారం చివర దవాఖానలో పరగడుపున రక్తం తీశారు. నూట నలభై ఒకటి. డాక్టర్ ఫిట్ కాగితం రాసి, గోలీ వేళలు మళ్లీ చెప్పాడు. సిస్టర్ అరుణాదేవి కాగితం మీద ముద్ర కొట్టి, "పండుగలు ఇంకా వస్తయి. ఒక్క రోజు తింటే ఏంగాదు. తెల్లారి మళ్ల మామూలు తిండికి వచ్చుడే ముఖ్యం. అది మరిస్తే మళ్ల ఈ బెంచీ మీదనే కూసుంటవ్" అంది. అది కూడా తిట్టినట్టే అంది.

నర్సింహ గేటు దగ్గర కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. "తగ్గినట్టున్నవ్" అన్నాడు.

"అన్నా, ఎనిమిదేండ్లల్ల నేను లైన్ మీద ఒక్క బిస్కెట్ తినలే. ఆ దినం అందరి ముందల అన్నవ్. ఇయ్యాల అందరి ముందల తప్పని చెప్పు."

వెనక షిఫ్టు వాళ్లంతా లోపలికి పోవడానికి ఆగి ఉన్నారు. నర్సింహ వాళ్ల వైపు చూశాడు, గడియారం చూశాడు. "ఏదో నవ్వులాటకు అన్న. పో, లైన్ ఆగుతది" అన్నాడు. ప్రేమలత అక్కడే నిలబడింది. అతనే ముందుగా ముఖం తిప్పుకుని కాగితం జేబులో పెట్టుకున్నాడు. అంతకు మించి ఆ మనిషి నుంచి రాదని ఆమెకు అర్థమైంది. లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి అతనికి నమస్తే పెట్టడం మానేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి వంట చేసేసరికి దశరథ్ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. దీపావళి నుంచి ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే. కాగితం సంగతి విని, "ఇగ అయిపాయె గదా. రేపటి సంది మామూలుగ తింటవా?" అన్నాడు.

"గిదే మామూలు."

ఆమె పెదవి మీద ఇంకా మానని గాటు వైపు అతని చూపు పోయింది. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

ప్రేమలత పెనం దించి, అత్త కోసం చిన్న గిన్నెలో విడిగా వండిన అన్నం, పప్పు పళ్లెంలో పెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్లింది. ముత్యమ్మ ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పలుకున్నది. నాకు పండ్లున్నయా ఇది నమలనీకి?" అని పళ్లెం వెనక్కి తోసింది.

ప్రేమలత పళ్లెం తీసుకుని, అన్నంలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అది మెత్తబడే దాకా పక్కనే నిలబడింది.